కరెంటును దాచే బొగ్గు: సూపర్ కెపాసిటర్లు, కంప్యూటర్ మోడళ్లు, మన మెట్ట జిల్లాలు



మాకు చదువు చెప్పిన సారు పేరు మీద పెట్టిన ఈ ధర్మనిధి ఉపన్యాసానికి పిలిచినప్పుడు విషయం నా ఇష్టానికే వదిలేశారు. సారు పాఠం చెప్పిన తీరును బట్టి నేను దాన్ని ఎంచుకున్నాను. బోర్డు మీద ఏ సూత్రం రాసినా దాన్ని అంకెల్లోకి దించేదాకా ఆయన ఒప్పుకునేవారు కాదు. "ఎంత?" అని అడిగేవారు. ఎక్కువ, తక్కువ, చాలా అనే మాటలు ఆయన దగ్గర చెల్లేవి కావు. నేను పనిచేసే రంగం సూపర్ కెపాసిటర్లు, వాటి లోపల జరిగేదాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే పద్ధతులు. అందుకే ఈ సాయంత్రం అంకెలు చాలానే వినిపిస్తాయి. అవి సారుకు నేను తీర్చుకునే బాకీ అనుకోండి.

సభలో వ్యవసాయం చేసేవాళ్లు ఉన్నారు కాబట్టి బోరు దగ్గరి నుంచే మొదలుపెడతాను. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. ఆ తర్వాత మోటారుకు కెపాసిటర్ బిగించుకోవాలని, మంచి ఫుట్‌వాల్వు, హెచ్‌డీపీఈ పైపు వాడాలని షరతులు వచ్చాయి. అట్లా కెపాసిటర్ మన పల్లెల్లో స్టార్టర్ డబ్బా పక్కకు చేరింది. 5 హెచ్‌పీ మోటారుకు పెట్టే 2 కేవీఏఆర్ కెపాసిటర్‌లో మొత్తం కెపాసిటెన్స్ 40 మైక్రోఫ్యారడ్‌ల లోపే ఉంటుంది. కరెంటును దాచడం దాని పని కాదు. మోటారు లాగే కరెంటు వోల్టేజీకి వెనకబడకుండా సరిచేసి, లైను మీద, ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం తగ్గిస్తుంది. దానిలో ఏ క్షణాన చూసినా ఉండే శక్తి మూడు జూళ్లకు కొంచెం పైన. ఒక కిలో రాయిని ఒక అడుగు ఎత్తితే అయ్యే పని అంతే.

నేను చెప్పబోయే కెపాసిటర్ వేరే జాతిది. చేతికి నిండుగా పట్టే గొట్టం, అర కిలో బరువు, 2.7 వోల్టులు, 3000 ఫ్యారడ్‌లు. కెపాసిటెన్స్‌లో సగాన్ని వోల్టేజీ వర్గంతో గుణించండి: 10,935 జూళ్లు వస్తాయి. 5 హెచ్‌పీ మోటారును అది రెండు సెకన్ల పైచిలుకు తిప్పగలదు. ఇంకో లెక్కలో చూస్తే మూడు వాట్-గంటలు. అదే బరువున్న లిథియం అయాన్ సెల్‌లో 75 నుంచి 125 వాట్-గంటలు పడతాయి. అంటే దాచుకునే శక్తిలో సూపర్ కెపాసిటర్ లిథియం ముందు చాలా చిన్నది. ఈ మాట మొదట్లోనే చెప్పడం నా బాధ్యత, ఎందుకంటే పత్రికల్లో దీని గురించి వచ్చే వార్తలు సాధారణంగా ఇది చెప్పవు. ఐతే ఆ మూడు వాట్-గంటలను అది కొన్ని సెకన్లలోనే దాదాపు మొత్తం ఇచ్చేయగలదు, అంతే వేగంగా తిరిగి నింపుకోగలదు, లక్షల సార్లు, మంచి సెల్ ఐతే పది లక్షల సార్లు. లిథియం సెల్ కొన్ని వేల సార్లకే అలసిపోతుంది. ఎయిర్‌బస్ ఏ380 విమానంలో అత్యవసర ద్వారాలు తెరవడానికి సూపర్ కెపాసిటర్లు పెట్టారు. 2006 నుంచి షాంఘైలో కొన్ని సిటీ బస్సులు స్టాపు స్టాపుకూ వాటిని నింపుకుంటూ నడిచాయి. రెండు చోట్లా కావలసింది కొద్ది శక్తే, కానీ అడిగిన క్షణంలో అందాలి.

మన నల్లగొండ, పాలమూరు జిల్లాల అవసరాలను ఎంతసేపటికి అనే కాలం లెక్కన విడదీసి చూడాలి. గంటల లెక్కన దాచుకోవాలంటే మనకు కృష్ణమ్మ ఉంది. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలోని 8 యూనిట్లలో 7 తిరగేసి నడిచే టర్బైన్లే, ఒక్కొక్కటి 100.8 మెగావాట్లు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్లవి ఆరు, అవీ తిరగేసి నడిచేవే. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లను పైకి తోడడం, కావలసినప్పుడు వదలడం. ఒక ఘనమీటరు నీళ్లు 100 మీటర్ల ఎత్తు నుంచి దిగితే 270 వాట్-గంటలు. ఆ ఒక్క ఘనమీటరుకు సమానం కావాలంటే నేను చెప్పిన గొట్టాలు 90 కావాలి. కాబట్టి జలాశయంతో సూపర్ కెపాసిటర్‌ను పోటీకి దించడం అర్థం లేని పని.

సెకన్ల లెక్క వేరే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. అప్పటికి రాష్ట్రంలో పంపుసెట్లు 23 లక్షలు. ఆ రోజుల్లో ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా ప్రచారం చేశారు. ఎందుకో రైతులకు తెలుసు. కరెంటు పోయి వచ్చిన క్షణంలో ఒక ఫీడరు మీది మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. లేచేటప్పుడు మోటారు మామూలు కరెంటుకు ఆరేడు రెట్లు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలేది అప్పుడే. ఇటు సోలార్ ప్లాంట్ల మీద మబ్బు వచ్చి పోయేదీ ఒక్కోసారి నిమిషం లోపే. అటు పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలలో 145 మెగావాట్ల మోటార్లు. దామరచర్ల యాదాద్రి థర్మల్ కేంద్రం 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, వాటిని సెకన్లలో పెంచడం, తగ్గించడం కుదరదు. క్షణంలో కోరుకునే లోడు ఒకవైపు, నెమ్మదిగా కదిలే ఉత్పత్తి ఒకవైపు. ఆ ఎడంలోనే సూపర్ కెపాసిటర్‌కు చోటు.

ఒక లెక్క చేద్దాం. 5 హెచ్‌పీ సోలార్ పంపు నడుస్తున్నది. మబ్బు అడ్డొచ్చి 30 సెకన్ల పాటు 3 కిలోవాట్లు తక్కువ పడ్డాయి అనుకోండి. అంటే 90 కిలోజూళ్లు కావాలి. కెపాసిటర్ వోల్టేజీ సగానికి దిగేసరికి దానిలోని శక్తిలో నాలుగింట మూడొంతులు వాడేసినట్టే. ఒక్కో గొట్టం నుంచి 8 కిలోజూళ్లు తీసుకోవచ్చు. 11 గొట్టాలు చాలు. మధ్యలో ఉండే కన్వర్టర్ నష్టాలు కలుపుకుంటే 13 అనుకుందాం. ఏడు కిలోల లోపు బరువు. పంపు ఆగదు, మళ్లీ లేవనవసరం లేదు. ఇదే మబ్బు గంట సేపు ఉంటే? 1,300కు పైగా గొట్టాలు, 650 కిలోల పైన బరువు. లిథియం ఐతే 20 కిలోల సెల్స్ సరిపోతాయి. సూపర్ కెపాసిటర్‌తో రాత్రంతా బోరు నడుస్తుందని ఎవరైనా మీ ఊరికొచ్చి చెబితే ఈ లెక్క చేసి చూపించండి.

ఇప్పుడు ఆ గొట్టం లోపలికి పోదాం. లోపల ఉన్నది ప్రధానంగా బొగ్గు. యాక్టివేటెడ్ కార్బన్ పూసిన రెండు సన్నని అల్యూమినియం రేకులు, మధ్యలో కాగితం లాంటి పొర, అంతా తడిసేలా ఉప్పు కలిసిన ద్రావకం. ఒక గ్రాము మంచి యాక్టివేటెడ్ కార్బన్‌లో రంధ్రాల గోడలన్నీ పరిస్తే 1,500 నుంచి 2,000 చదరపు మీటర్లు. అర ఎకరం దాకా అన్నమాట. రేకుకు వోల్టేజీ ఇచ్చినప్పుడు బొగ్గు గోడ మీద విద్యుదావేశం చేరుతుంది, దానికి ఎదురుగా ద్రవంలోని వ్యతిరేక అయాన్లు గోడకు ఆనుకుంటాయి. రెండు పొరల మధ్య దూరం ఒక నానోమీటర్ కూడా ఉండదు. కెపాసిటెన్స్ విస్తీర్ణంతో పెరుగుతుంది, దూరం తగ్గితే పెరుగుతుంది. ఇక్కడ రెండూ అనుకూలమే. 1853లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ చెప్పిన జంట పొర ఇదే. దీన్ని పరికరంగా మార్చి 1957లో జనరల్ ఎలక్ట్రిక్ తరఫున బెకర్ పేటెంటు తీసుకున్నాడు. జపాన్‌లోని ఎన్ఈసీ కంపెనీ 1970ల చివర్లో దీన్ని సూపర్ కెపాసిటర్ అనే పేరుతో అమ్మింది.

విద్యార్థులు ఈ చోట ఒక చిక్కును గుర్తుంచుకోవాలి. చదరపు సెంటీమీటరుకు 10 మైక్రోఫ్యారడ్‌లు, గ్రాముకు 1,000 చదరపు మీటర్లు అనుకుంటే ఒక ఎలక్ట్రోడ్‌కు గ్రాముకు 100 ఫ్యారడ్‌లు వస్తాయి. కానీ సెల్‌లో ఎలక్ట్రోడ్‌లు రెండు, ఒకదాని తర్వాత ఒకటిగా కలిసి ఉంటాయి. కెపాసిటెన్స్ సగమౌతుంది, బరువు రెట్టింపౌతుంది. చేతికొచ్చేది గ్రాముకు 25. ఇంకా రేకు, ద్రావకం, డబ్బా బరువు కలపలేదు. నాలుగింతలు ఎక్కువ కనిపించే అంకెనే పెద్దగా చూపే పరిశోధనా పత్రాలు ఇప్పటికీ వస్తున్నాయి. 2011లో గొగోట్సీ, సిమోన్ అనే ఇద్దరు పెద్ద శాస్త్రవేత్తలు 'సైన్స్' పత్రికలో దీని గురించే రాయవలసి వచ్చింది. సారు ఉంటే ఆ పత్రాల రచయితలను "గ్రాము దేనిది?" అని అడిగేవారు.

ఇక మోడలింగ్ సంగతి. హెల్మ్‌హోల్ట్జ్ అయాన్లు గోడకు బిగిసి కూర్చుంటాయన్నాడు. 1910లో లియోన్‌లో గూయి, 1913లో ఆక్స్‌ఫర్డ్‌లో చాప్‌మన్ వేడిమిని కూడా లెక్కలోకి తెచ్చారు. వేడి అయాన్లను చెదరగొడుతుంది, గోడ లాగుతుంది. ఈ రెంటి మధ్య సమతూకానికి వాళ్లు రాసిన సమీకరణం ఎమ్మెస్సీలో ఇప్పటికీ చెబుతారు. దానిలో అయాన్‌కు పరిమాణం లేదు, అది ఒక బిందువు. ఆ లోపం ఎంత పెద్దదో అంకె చూడండి. లీటరుకు 0.1 మోల్ ఉప్పున్న ద్రావణంలో గోడ దగ్గర అర వోల్టు ఇస్తే, ఆ సమీకరణం ప్రకారం గోడను ఆనుకొని లీటరుకు దాదాపు 3 కోట్ల మోల్‌ల అయాన్లు చేరాలి. స్వచ్ఛమైన నీళ్లలో నీటి అణువులే లీటరుకు 55 మోల్‌లు. అంతకు మించి అక్కడ చోటు ఎక్కడిది? 1924లో స్టెర్న్ అయాన్ గోడకు ఒక హద్దు దాటి దగ్గరికి రాదని చేర్చి ఆ లెక్కను కాపాడాడు. అయాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయనే మాటను సమీకరణంలోకి తెచ్చే పని 2007లో బలపడింది. ఆ ఏడాది కిలిక్, బజాంట్, అజ్దారి ఒకవైపు, అయానిక్ ద్రవాల మీద కోర్నిషెవ్ మరోవైపు ఆ పని చేశారు. అయాన్‌ను బిందువనుకున్నప్పుడు వోల్టేజీ పెరిగేకొద్దీ కెపాసిటెన్స్ పెరగాలని చెప్పిన లెక్క, పరిమాణం చేర్చాక ఒక శిఖరం చేరి దిగుతుందని చెప్పింది. ప్రయోగం చెప్పేదీ అదే.

ఈలోగా ప్రయోగశాల ఒక పెద్ద ప్రశ్న వేసింది. ద్రావకంలో ఉన్న అయాన్ ఒంటరిగా ఉండదు, చుట్టూ ద్రావకపు అణువులను కప్పుకొని ఉంటుంది. ఆ కప్పుతో కలిపి దాని వెడల్పు ఒక నానోమీటరుకు పైనే. కాబట్టి నానోమీటరు కంటే సన్నని రంధ్రాలు పనికిరావని, కనీసం రెండు మూడు నానోమీటర్లు ఉండాలని అందరూ అనుకున్నారు. 2006లో ఖ్మియోలా, గొగోట్సీ, సిమోన్ బృందం టైటానియం కార్బైడ్ నుంచి రంధ్రాల పరిమాణాన్ని కోరినట్టు మార్చగలిగే కార్బన్ తయారు చేసి కొలిచింది. రంధ్రం నానోమీటరు లోపలికి తగ్గినకొద్దీ కెపాసిటెన్స్ తగ్గలేదు, పెరిగింది. గుడి మెట్ల దగ్గర చెప్పులు విడిచి లోపలికి పోయినట్టు, అయాన్ తన ద్రావకపు కప్పును కొంత విడిచి రంధ్రంలోకి దూరుతున్నది. 2008లో అదే బృందం వాళ్లు అయానిక్ ద్రవంతో చేసినప్పుడు, అయాన్ పరిమాణానికి దాదాపు సమానంగా, 0.7 నానోమీటరు దగ్గర కెపాసిటెన్స్ గరిష్ఠంగా వచ్చింది.

రంధ్రంలో ఏం జరుగుతున్నదో కంటితో చూడలేం. కంప్యూటర్ అవసరం పడింది ఇక్కడే. అణువుల కదలికను న్యూటన్ సూత్రంతో ఒక్కో అడుగుగా లెక్కించే మాలిక్యులర్ డైనమిక్స్‌లో ఒక అడుగు రెండు ఫెమ్టోసెకన్లు. ఒక నానోసెకను చూడాలంటే 5 లక్షల అడుగులు. ప్రతి అడుగులో వేల అణువుల మధ్య బలాలన్నీ మళ్లీ లెక్కించాలి. కెపాసిటర్ విషయంలో ఇంకో కష్టముంది. బొగ్గు గోడ విద్యుత్ వాహకం. దాని మీది ఆవేశం ఒక చోట నిలిచి ఉండదు. అయాన్ దగ్గరికి వస్తే ఆవేశం అటు చేరుతుంది, పోతే సర్దుకుంటుంది. మొదట్లో చాలామంది గోడ మీద ఆవేశాన్ని సమానంగా పరిచేసి లెక్కలు నడిపించారు. సులువు, కానీ తప్పు. గోడ వోల్టేజీని స్థిరంగా ఉంచి, ప్రతి కార్బన్ పరమాణువు మీది ఆవేశాన్ని ప్రతి అడుగులో కొత్తగా లెక్కించే పద్ధతిని 1995లో సీప్‌మన్, స్ప్రిక్ ప్రతిపాదించారు. ఆ దారిలో 2012లో ఫ్రాన్స్‌లో మెర్లే, సలాన్, రోటెన్‌బర్గ్ తదితరులు చదునైన గ్రాఫైట్‌ను కాక, నిజమైన బొగ్గు లాగే మెలికలు తిరిగిన కార్బన్‌ను కంప్యూటర్‌లో కట్టి అయాన్లను నింపారు. వాళ్లకు కనిపించింది ఇది: విశాలమైన చోట గోడను ఆనుకొని ఒక పొర ధన అయాన్లు, దాని మీద ఒక పొర ఋణ అయాన్లు, ఇట్లా ఎదురెదురు పొరలు కట్టి ఒకదాని ప్రభావాన్ని ఒకటి చెరిపేస్తాయి. ఇరుకు రంధ్రంలో పొరలు కట్టే చోటే లేదు. అందువల్ల గోడ మీది ఆవేశానికి ఎదురు నిలిచే ప్రతి అయాన్ పూర్తిగా లెక్కకు వస్తుంది. కెపాసిటెన్స్ పెరిగేది అందుకే. 2006లో కొలిచిన దానికి 2012లో కారణం దొరికింది. కొలత ముందు, లెక్క తర్వాత. మోడలింగ్ చేసే నేను ఈ వరుసను గౌరవంతో చెబుతున్నాను.

నానోసెకన్ల లెక్క నుంచి బోరు దగ్గరి గొట్టానికి రావాలంటే మధ్యలో మెట్లున్నాయి. 1963లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త డి లెవీ ఒక రంధ్రాన్ని వరుసగా కట్టిన రెసిస్టర్ల, కెపాసిటర్ల గొలుసుగా రాశాడు. రంధ్రం మూతి త్వరగా నిండుతుంది, లోతు ఆలస్యంగా నిండుతుంది. వేగంగా వాడితే కెపాసిటెన్స్ తగ్గినట్టు కనిపించడానికి కారణం ఇదే. 1996లో సారంగపాణి, తిలక్, చెన్ ఏ పదార్థంతో ఎంత దాకా రాగలమో పరిమితులు లెక్కగట్టి ఒక సమీక్ష రాశారు. 1999లో దక్షిణ కరోలినాలో శ్రీనివాసన్, వైడ్నర్ మొత్తం సెల్‌కు కాగితం మీదే సాధించదగిన గణిత రూపం ఇచ్చారు. ఆ పత్రం ఎమ్మెస్సీ విద్యార్థి ఒక నెలలో చదివి, తన లాప్‌టాప్‌లో మళ్లీ చేసి చూడగలిగేది. ఇక్కడి పిల్లలకు నేను మొదట ఇచ్చేది దాన్నే.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతికి ఇప్పుడు వస్తాను. ఈ లెక్కలన్నీ దాదాపుగా 25 డిగ్రీల దగ్గర చేసినవి. ప్రయోగాలూ అంతే, ఏసీ గదుల్లో. నల్లగొండలో ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 44, 45 డిగ్రీలు. ఎండలో నిలబెట్టిన రేకు పెట్టె లోపల అంతకన్నా ఎన్నో డిగ్రీలు ఎక్కువ. మామూలు సూపర్ కెపాసిటర్‌కు తయారీదారు ఇచ్చే హద్దు 65 డిగ్రీలు. ఈ రంగంలో అందరూ వాడే ఒక మోటు సూత్రం ఉంది: ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు సగమౌతుంది. 25 దగ్గర ఎంత కాలం బతుకుతుందో 55 దగ్గర దానిలో ఎనిమిదో వంతే. కానీ మోటు సూత్రం మోటుదే. పగలు 55, రాత్రి 28, వానాకాలంలో తేమ, కరెంటు రాకపోకల్లో వోల్టేజీ హెచ్చుతగ్గులు, ఇవన్నీ కలిసినప్పుడు సెల్ ఎట్లా ముసలిదౌతుందో ఆ సూత్రం చెప్పదు. కంప్యూటర్‌లో 298 కెల్విన్ అని ఉన్న చోట 333 అని రాయడం ఒక్క క్షణం పని. వచ్చిన జవాబు సరైందో కాదో తేల్చాలంటే ఈ నేల మీద, ఈ ఎండలో కొలిచిన అంకెలు కావాలి. ఆ కొలతలు మనం కాక మన కోసం ఇంకెవరూ చేయరు.

పదార్థం సంగతీ అంతే. మార్కెట్లో మంచి కార్బన్ ఎక్కువగా కొబ్బరి చిప్పల నుంచి వస్తుంది. మన దగ్గర మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊక ఉంది. ఊకలో సిలికా ఎక్కువ. అది బొగ్గులో చిక్కుకొని ఉంటుంది, క్షారంతో కరిగించి తీసేస్తే అది ఉన్న చోటే రంధ్రంగా మిగులుతుంది. పాలమూరు వైపు పల్లీ పొట్టు, నల్లగొండ అంతటా పత్తి. హైదరాబాదు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు మిల్లుల్లో మిగిలిన పత్తి వ్యర్థం నుంచి సూపర్ కెపాసిటర్ ఎలక్ట్రోడ్ చేసి చూపారు. హైదరాబాదులోనే గోడి అనే సంస్థ 3000 ఫ్యారడ్‌ల సెల్ తయారు చేసినట్టు 2022లో ప్రకటించింది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 9,500 కోట్ల పెట్టుబడితో అమరరాజా లిథియం సెల్ ఫ్యాక్టరీకి 2023 మే 6న శంకుస్థాపన జరిగింది. అందులో చేరబోయే మన పిల్లలు మిషన్ దగ్గర నిలబడే పనికే పరిమితం కాకూడదు. ఎలక్ట్రోడ్ లోపల ఏం జరుగుతున్నదో లెక్కగట్టే చోట కూడా వాళ్లుండాలి. కంప్యూటర్లు లేవనే సాకు ఇప్పుడు చెల్లదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మోడలింగ్, సిమ్యులేషన్ కేంద్రం ఉంది. కందిలో ఐఐటీ హైదరాబాద్‌లో పరం సేవా అనే సూపర్ కంప్యూటర్ ఉంది. లామ్స్, క్వాంటమ్ ఎస్ప్రెసో, మెటల్‌వాల్స్ వంటి ప్రోగ్రాములు ఉచితం, వాటి కోడ్ ఎవరైనా చదవవచ్చు. చిన్న లెక్కలకు మామూలు డెస్క్‌టాప్ చాలు.

నల్లగొండ సభలో ఈ బొగ్గు గురించి మాట్లాడి ఫ్లోరైడ్ ఊసెత్తకుండా ఉండలేను. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించింది. దానికి పెట్టిన పేరు నల్లగొండ టెక్నిక్. ప్రపంచంలో నీటి శుద్ధి చదివే ప్రతి విద్యార్థికీ మన ఊరి పేరు తెలియడానికి కారణం మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో వంగిన ఎముకలే. సూపర్ కెపాసిటర్‌లో జరిగేదాన్నే నీటి శుద్ధికి వాడవచ్చు. రెండు కార్బన్ ఎలక్ట్రోడ్‌ల మధ్య నుంచి నీళ్లు పారించి 1.2 వోల్టులు ఇస్తే ఉప్పు అయాన్లు రంధ్రాల్లోకి చేరి నీళ్లు పలుచబడతాయి. తర్వాత వోల్టేజీ తీసేస్తే అయాన్లు బయటకు వస్తాయి, వాటిని వేరే నీటితో కడిగేస్తారు. పటికా అక్కరలేదు, అల్యూమినియం బురదా మిగలదు.

ఐతే మన నీళ్లలో ఇది సులువు కాదు. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్, 200 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉన్న బోరు నీళ్లనుకోండి. మోల్‌ల లెక్కలో ఒక ఫ్లోరైడ్ అయాన్‌కు దాదాపు 36 క్లోరైడ్‌లు ఎదురుంటాయి. బైకార్బనేట్, సల్ఫేట్ వేరే. పైగా ఫ్లోరైడ్ చిన్న అయాన్, క్లోరైడ్ కంటే చాలా గట్టిగా నీటి అణువులను పట్టుకొని ఉంటుంది, అందుకే ఇరుకు రంధ్రంలోకి త్వరగా దూరదు. 2015లో ఆస్ట్రేలియాలో వాంగ్‌వాంగ్ టాంగ్ తదితరులు ఉప్పునీటి నుంచి ఫ్లోరైడ్, నైట్రేట్ తీసే ప్రయోగాలు చేసి, వాటికి మోడల్ కట్టారు. క్లోరైడ్ పోటీ ఎంత దెబ్బతీస్తుందో అందులో తేలింది. ఎంత సైజు రంధ్రమైతే, గోడ మీద ఏ రసాయన గుంపు ఉంటే ఫ్లోరైడ్ ముందు చేరుతుంది? వందల రకాల బొగ్గును కాల్చి చూడడానికి ఏ కాలేజీకీ డబ్బు చాలదు. లెక్కతో వాటిని వడగట్టి, మిగిలిన నాలుగైదింటిని మాత్రమే కాల్చి చూడవచ్చు. మోడలింగ్ బీద ప్రయోగశాలకు చేసే మేలు ఇదే. మిషన్ భగీరథ వచ్చాక ఊళ్లకు కృష్ణా నీళ్లు అందుతున్నాయి, సంతోషం. కానీ నీళ్లు రాని రోజున బోరు దగ్గరికి పోయే ఇల్లు ఒక్కటున్నా ఈ పని చేయదగిందే అని నా నమ్మకం.

మోడల్ మీద అతినమ్మకం వద్దు. నిజమైన ఊక బొగ్గులో పొటాషియం మిగిలి ఉంటుంది, ఆక్సిజన్ గుంపులుంటాయి, తేమ ఉంటుంది. కంప్యూటర్‌లో కట్టిన కార్బన్‌లో ఇవేవీ ఉండవు. పది వేల గంటల తర్వాత ద్రావకం ఎట్లా కుళ్లుతుందో నానోసెకన్ల లెక్క ఎన్నటికీ నేరుగా చూపలేదు. ఈ మధ్య యంత్రాభ్యాసంతో అణువుల బలాలను వేగంగా లెక్కించే పద్ధతులు వచ్చాయి. అవి మంచివే. కానీ నేర్పిన అంకెల పరిధి దాటితే అవి కూడా ఊహే చెబుతాయి. విద్యార్థి రాసే ప్రతి థీసిస్‌లో లెక్క, కొలత పక్కపక్కన ఉండాలి. ఎంత తేడా వచ్చిందో దాచకుండా రాయాలి.

మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం అధ్యాపకులు ఇక్కడ ఉన్నారు. వారికి నాది ఒక్క విన్నపం. వచ్చే ఎండాకాలంలో రెండు జిల్లాల్లో స్టార్టర్ డబ్బాల లోపల, సోలార్ పంపుల కంట్రోలర్ల లోపల ఉష్ణోగ్రత కొలిచే చిన్న లాగర్లు పెట్టించండి. వాటి పక్కనే కొన్ని సూపర్ కెపాసిటర్ సెల్స్ పెట్టి, నెలనెలా వాటి కెపాసిటెన్స్, అంతర్గత నిరోధం కొలిపించండి. రైతులు ఒప్పుకుంటారు, తమ మోటారు కాలకుండా ఉండటానికే అని చెబితే ఇంకా సంతోషంగా ఒప్పుకుంటారు. ఆ అంకెలను తాళం వేసి దాచకండి, ఎవరైనా తీసుకొని లెక్క చేసుకునేలా బయటపెట్టండి. వాటితో మోడల్ రాయడం ఎట్లాగో నేర్పడానికి సెలవుల్లో వచ్చి మీ విద్యార్థులతో కూర్చోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను. తేదీలు మీరే చెప్పండి.